మైల సెలవు

మా గల్లీ మొగలో ఇస్త్రీ చేసేవాడికి నా చొక్కాల మీద ఏం కక్షో నాకు ఇప్పటికీ తెలియదు. వారానికో బొత్తాం విరగ్గొట్టేవాడు. అదీ పైనుంచి రెండోదే. మొదటిది పోతే కాలర్ కింద దాగుతుంది. మూడోది పోతే ఎవరూ అంత కిందికి చూడరు. రెండోది పోయిన మనిషి మాత్రం కొంచెం రౌడీలాగా, కొంచెం దిక్కులేనివాడిలాగా కనిపిస్తాడు. నేను ఆ రెండూ కాదు, సెకండ్ క్లాస్ బీకాం. అడిగితే, బొగ్గుల వేడి నా చేతిలో ఉంటుందా సాబ్ అనేవాడు. పక్క ఖోలీ, అంటే పక్క గది ఆవిడ దగ్గర సూదీ దారం అడిగి, రంగు కలవని బొత్తాం ఏదో ఒకటి కుట్టుకుని పనికి పోయేవాణ్ణి.

తెల్లచొక్కా నా సరదా కాదు. సూపర్‌వైజర్ అనేవాడు దూరం నుంచే తెలియాలని మా సేఠ్ పట్టుదల. మా కార్ఖానా మొత్తం పొడవు ముప్ఫై అడుగులు. అందులో దూరం ఎక్కడుందో నేనెప్పుడూ అడగలేదు.

అవి ఎనభైల నడిమి సంవత్సరాలు. బొంబాయి కామాటిపురలో ఒక పాత మేడ మొదటి అంతస్తులో కరెంటు స్విచ్చులు బిగించే కార్ఖానా మాది. పొడుగాటి బల్లకు రెండు వైపులా పిల్లలు కూర్చునేవారు. ఒకరు ఇత్తడి ముక్క పెడితే ఒకరు స్ప్రింగు పెట్టేవారు, ఇంకొకరు మర తిప్పేవారు. బల్ల చివర ఒక అమ్మాయి. ఆమె ప్రతి స్విచ్చునూ చెవి దగ్గర పెట్టుకుని ఐదుసార్లు నొక్కి, చప్పుడు నచ్చితే కుడి డబ్బాలో, నచ్చకపోతే ఎడమ డబ్బాలో వేసేది. ఎడమ డబ్బాలో పడ్డదాన్ని విప్పి చూస్తే లోపల ఏదో ఒక తప్పు ఉండి తీరేది. ఆ చెవి మాకు వచ్చిన మిషన్లన్నిటికంటే నమ్మకమైనది. దానికి నూనె కూడా వేయక్కర్లేదు.

మొత్తం ఇరవై ఇద్దరు. అందరిదీ ఇరవైకి అటూ ఇటూ వయసు. నాకు ముప్ఫై. వాళ్ళ ముత్తాతలు, మా ముత్తాతలు ఒకే పాలమూరు నుంచి వచ్చి ఈ ఊరికి రాళ్ళూ సున్నమూ మోసినవాళ్ళే. మునిమనవళ్ళు మరాఠీలో చదువుకుని, హిందీలో జోకులేసుకుని, ఇంట్లో ముసలివాళ్ళు తిట్టినప్పుడు మాత్రం తెలుగులో వినేవాళ్ళు.

చిన్నవాళ్ళ చేత పని చేయించడం ఎలా అని ఫుట్‌పాత్ మీద ఒక ఇంగ్లీషు పుస్తకం కొన్నాను. కింది ఉద్యోగులతో మేనేజరు స్నేహంగా ఉండాలి కానీ కొంత ఎడం పాటించాలని అందులో రాసి ఉంది. రాసిన పెద్దమనిషి మాలాగా అంతస్తుకో ఉమ్మడి పాయిఖానా ఉండే చాల్‌లో ఉన్నట్టు లేదు. పొద్దున ఆరింటికి, చేతిలో డబ్బాతో, నా కింది ఉద్యోగి ముందూ నేను వెనకా వరసలో నిలబడి, "జల్దీ కానీ తమ్మీ" అని బతిమాలుకున్న తర్వాత తొమ్మిదింటికి అతనితో ఎడం పాటించడం ఎట్లాగో ఆ పుస్తకంలో లేదు. కార్ఖానాలో నన్ను సర్ అనాలని ఒక సోమవారం ప్రకటించాను. మధ్యాహ్నానికి ఒకడు 'సర్ బావా' అన్నాడు. సాయంత్రానికి అందరూ మళ్ళీ 'అన్నా'లోకి వచ్చేశారు. నేనూ ఊరుకున్నాను.

నాకు తోచిన పద్ధతి నేను కనిపెట్టుకున్నాను. పదకొండు నుంచి పన్నెండు దాకా రేడియో. మ్యాచ్ ఉన్న రోజు గోడ మీద సుద్దముక్కతో స్కోరు. ఎవరైనా ఆలస్యంగా వస్తే తిట్టకుండా లేచి నిలబడి నమస్కారం పెట్టేవాణ్ణి. రెండోసారి వాళ్ళు ఆలస్యంగా వచ్చేవారు కాదు. నవ్వుతూ చేశారు కాబట్టి ఎక్కువే చేశారు. సేఠ్ దాన్ని కొత్తగా పెట్టిన ట్యూబ్‌లైటు మహిమ అనుకున్నాడు. నేనేమీ దిద్దలేదు.

మైల సంగతి మొదలైంది స్ప్రింగులు పెట్టే కుర్రాడితో. వాళ్ళ పాలోళ్ళలో ఎవరో ఊళ్ళో పోయారు. పాలోళ్ళంటే ఒకే ఇంటిపేరువాళ్ళు. అందరికీ పది దినాల మైల. మా పెద్దవాళ్ళది తాపీపని కాబట్టి మాలో ఇంకో కట్టడి కూడా ఉంది. మైలలో ఉన్నవాడు పనిముట్టు పట్టకూడదు, పడితే కట్టిన గోడ నిలవదు. ఊరి నుంచి కబురు ఆలస్యంగా వస్తుంది కాబట్టి, పోయిన రోజు నుంచి కాక కబురు అందిన రోజు నుంచి పది దినాలు లెక్క అని ఏ కాలంలోనో గల్లీ పెద్దలు ఒక సౌకర్యం కూడా చేసిపెట్టారు. కుర్రాడికి ఇవేవీ పట్టవు, వాడు పనికి వచ్చేశాడు. వెనకాలే వాళ్ళ తాత మెట్లెక్కి వచ్చాడు.

స్క్రూడ్రైవర్ పనిముట్టు కిందికి వస్తుందా రాదా అన్నది ప్రశ్న. ముసలాయన దాన్ని అడిగి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఇనుమే గదా నాయినా?"

"ఇనుమే తాతా."

"అయితే పనిముట్టే."

పది రోజులు సెలవిచ్చాను. చదువుకున్నా పెద్దల మాట తెలిసినవాడని ఆయన గల్లీ అంతా చెప్పాడు. కుర్రాడు ఆ పది రోజులూ పనిముట్టు ముట్టకుండా క్రికెట్ ఆడాడు. బ్యాటు కర్రది.

ఆ వారమే సేఠ్ నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆయన చెడ్డవాడు కాదు. పండక్కి మిఠాయి అందరికీ సమానంగా పంచేవాడు. ఆయన చెప్పింది చిన్న విషయం. ఏడాదిలో రెండు వందల నలభై రోజులు పని చేసినవాడు పర్మనెంట్ అయిపోతాడట. అయ్యాక వాణ్ణి నోటిమాటతో తీసేయలేరు. అందుకని ఏ కార్ఖానాలోనైనా ఆ లోపే ఏదో వంక పెట్టి తీసేసి, పది రోజుల తర్వాత కొత్తగా చేర్చుకుంటారు. లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. కానీ వంక పెడితే గొడవ, గొడవ తన గుండెకు పడదు అన్నాడు. మీవాళ్ళలో మంచి ఆచారం ఉంది, వాళ్ళంతట వాళ్ళే పది రోజులు మానేస్తారు అన్నాడు. ఆ మాటలో నిజంగానే గౌరవం ఉంది. మామూలు సెలవైతే లెక్క తెగదు కాబట్టి, 'నా ఇష్టపూర్వకంగా పని మానేస్తున్నాను' అని ఒక కాగితం, 'మళ్ళీ పని ఇప్పించండి' అని ఒక కాగితం వకీలు చేత ఇంగ్లీషులో టైపు చేయించి ఇచ్చాడు. వాటి మీద సంతకాలు చేయించడమే నా పని.

సరే అన్నాను. ఆ రోజు చాలా ఉక్కగా ఉంది. నా బల్ల పైన ఫ్యాను లేదు. వేయిస్తాను అన్నాడు.

అప్పటి నుంచి, స్క్రూడ్రైవర్ పట్టేవాళ్ళకూ పట్టనివాళ్ళకూ, అది పద్ధతిలో పడింది. మైల ముగించుకుని వచ్చినవాళ్ళ ముందు రెండు కాగితాలు పెట్టి, ఇదిగో నీ సెలవు చీటీ, ఇదిగో నీ తిరుగు టికెట్టు అనేవాణ్ణి. నవ్వి సంతకం పెట్టేవారు. ఎవరూ చదవలేదు. నేనిచ్చిన కాగితం చదవడం నన్ను అవమానించడం అనుకున్నారేమో.

చావుల కొరత ఉండేది కాదు. మాలో ఇంటిపేర్లు తక్కువ, ముసలివాళ్ళు ఎక్కువ. పైగా కబుర్లన్నీ ముందు నాకే తెలిసేవి. ఊరి నుంచి వచ్చే కార్డులు తెలుగులో ఉంటాయి. పెద్దవాళ్ళకు చదువు లేదు, పిల్లలకు తెలుగు అక్షరాలు లేవు. మునిసిపాలిటీ తెలుగు బడిలో ఏడు దాకా చదివిన నేను చాల్ మొత్తానికీ కార్డులు చదివి పెట్టేవాణ్ణి. ఈ పద్ధతి నడిచిన రెండేళ్ళలో పాలమూరు జిల్లాలో ఎవరెవరు మంచం పట్టారో నాకు తెలిసినంతగా అక్కడి డాక్టర్లకు తెలిసి ఉండదు. దగ్గరి చుట్టమా, దూరపు చుట్టమా అన్న సందేహం వస్తే పెద్దలు నన్నే అడిగేవారు. రోజుల లెక్క రెండు వందలు దాటినవాళ్ళకు అందరూ దగ్గరి చుట్టాలే అని నేను తేల్చేవాణ్ణి.

బల్ల చివర కూర్చునే ఆ అమ్మాయికి పంతొమ్మిదేళ్ళు. మా చాల్‌లోనే రెండో అంతస్తు. తండ్రి మిల్లులో పనిచేసేవాడు. సమ్మె తర్వాత ఆ మిల్లు గేటు మళ్ళీ తెరుచుకోలేదు. ఆయన వరండాలో స్టూలు మీద కూర్చుని రోడ్డు చూస్తూ ఉండేవాడు. ఇంట్లో ఆయనా, నాయనమ్మా, ఈ పిల్లా. ముగ్గురూ తినేది ఈ పిల్ల చెవి మీద. రెండు వందల నలభై రోజుల సంగతి, మధ్యలో మానేస్తే లెక్క తెగే సంగతి ఆమెకు తండ్రి చెప్పాడు. మిల్లులో అందరికీ తెలిసిన సంగతే అది. పర్మనెంట్ అయితే రేపు ఎవరూ రావద్దనలేరు అన్నది ఆ పిల్ల తలలో మేకులా దిగింది.

పొద్దున రాగానే అందరూ అన్నా నమస్తే అనేవారు. ఆమె మాత్రం, "అన్నా, నూట తొంభై" అనేది. మర్నాడు, "అన్నా, నూట తొంభై ఒకటి." ఆదివారాలు లెక్కలో వేసుకునేది కాదు. అదేమిటని పిల్లలు అడిగితే పరీక్ష అని చెప్పేది. నాకు తెలుసునని ఆమెకు తెలుసు. నేను తన వైపే ఉన్నానని కూడా అనుకునేది. అలా అనుకోవడానికి నా రేడియో, నా స్కోరు, నా జోకులు అన్నీ కారణమే.

రెండు వందల ముప్ఫై ఒకటి అన్న సోమవారం, తిండి విరామంలో నా బల్ల దగ్గరికి వచ్చి, టిఫిన్ డబ్బా పెట్టి, దాని కింద నుంచి ఒక పోస్టుకార్డు తీసింది. నాలుగు మూలలా నల్ల సిరా పూసి ఉంది. అక్షరం రాకపోయినా ఆ సిరా అర్థం కానివారు మాలో లేరు. పోస్ట్‌మన్ దగ్గర మెట్ల మీదే తీసుకుందట.

"ఎవరు పోయిండ్రు?"

చదివాను. ఆమె తాతకు స్వయానా తమ్ముడు. నాయనమ్మకు మరిది. ఇందులో నేను తేల్చాల్సిన సందేహం కూడా ఏమీ లేదు.

"మీ చిన్నతాత."

"నేనైతే చూడనే లే ఆయన్ని." కాసేపు కార్డు వైపు చూసింది. "అన్నా, తొమ్మిది దినాలు. అవ్వకు చెప్పకు. తర్వాత పది కాదు, ఇరవై దినాలు కూర్చుంటా మైలల. నువ్వేం చేయక్కర్లే. ఉత్తగ నోరు మూసుకొని ఉండు."

కార్డు నా దగ్గరే ఉంచమంది. చావు కార్డు ఇంట్లో దాచకూడదు. దాస్తే నాయనమ్మ చేతికి దొరుకుతుంది కూడా. మొత్తం కామాటిపురలో ఆ కార్డు దాచడానికి సురక్షితమైన చోటు నా సొరుగు అని ఆమెకు తోచింది. చూద్దాం అన్నాను. నేను కొన్న పుస్తకంలో ఈ 'చూద్దాం' ఎక్కడా లేదు గానీ, పుస్తకమంతా దీని గురించే.

ముప్ఫై రెండు, ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు. ఆ వారం ఆమె రెండు వందలు అనడం మానేసింది, పైది మాత్రమే చెప్పేది. శుక్రవారం ముప్ఫై ఐదు. చెప్పేటప్పుడు సొరుగు వైపు చూసి నవ్వింది. నేనూ నవ్వాను.

శనివారం మధ్యాహ్నం సేఠ్ వచ్చాడు. లెక్కలు, సరుకు అన్నీ అయ్యాక, ఆ టెస్టింగ్ అమ్మాయి ఎన్నిట్లో ఉంది అని మామూలుగా అడిగాడు. రెండు వందల ముప్ఫై ఆరు అన్నాను. పొద్దున్నే ఆమె చెప్పింది కాబట్టి వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. ఒక్కరు పర్మనెంట్ అయితే మిగతా ఇరవై ఒక్కరూ మేమెందుకు కాలేదని అడుగుతారు కదా అన్నాడు. తర్వాత తల ఎత్తి పైకప్పు చూసి, ఫ్యాను కుడివైపు వేయించనా ఎడమవైపా అని అడిగాడు. ఎడమవైపు అన్నాను. మా మాటలు అంతే. ఆయన పోయాక సొరుగు తెరిచి కార్డు జేబులో పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో అప్పటికింకా తేల్చుకోలేదని చెప్పుకోవచ్చు. చెప్పుకున్నాను కూడా.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి నాయనమ్మ వరండాలో చాట పట్టుకుని బియ్యం ఏరుతోంది. మనవరాలు నీళ్ళకు కిందికి పోయింది. నన్ను చూడగానే ముసలావిడ ఎప్పుడూ అడిగే మాటే అడిగింది.

"ఊరికెళ్ళి కార్డేమన్న వచ్చిందా బిడ్డా?"

ఆ వారంలో రెండుసార్లు లేదని చెప్పాను. మూడోసారి చెప్పడం కష్టమేమీ కాదు. అప్పుడు నాకు ఏమనిపించిందో గుర్తు తెచ్చుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. బియ్యంలో రాళ్ళు ఎక్కువగా ఉన్నాయి అనిపించింది. అంతకుమించి ఏమీ దొరకలేదు. జేబులోంచి కార్డు తీసి, అందరి కార్డులూ చదివే గొంతుతోనే చదివాను.

ఆమె చాట కింద పెట్టింది. మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను.

"నన్ను కాపురానికి తోల్కొచ్చిన నాడు బండి తోలింది వాడే," అంది. ఏడవలేదు. బియ్యంలో వేలితో గీతలు గీస్తూ కూర్చుంది. తర్వాత, "ఎప్పుడొచ్చింది కార్డు?" అంది.

"ఇయ్యాల్నే అవ్వా."

ఆ సాయంత్రం నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. మనిషి పోయిన సంగతి దాచడం తప్పు కదా, ఆమె మరిది కదా, తెలుసుకునే హక్కు ఆమెకు లేదా అని ఆ తర్వాత నాకు నేను చెప్పుకున్నవన్నీ నిజాలే. సోమవారం కూడా అవి నిజాలే. శనివారం దాకా ఎందుకు ఆగాయన్నదే చిన్న చిక్కు.

బిందెతో పైకి వచ్చిన పిల్ల నాయనమ్మ మొహం చూసింది, నా చేతిలో కార్డు చూసింది. బిందె దించింది. ఇంట్లో అందరి మైల తలస్నానానికీ అవే నీళ్ళు వాడేసుకున్నారు. ఆ పిల్ల నా వైపు మళ్ళీ చూడలేదు.

తర్వాతి పది రోజులు కార్ఖానాలో పొద్దున్నే అంకెలు చెప్పేవారు లేరు. బల్ల చివర స్ప్రింగుల కుర్రాణ్ణి కూర్చోబెట్టాను. వాడి చెవికి అన్ని స్విచ్చులూ మంచివే. నేను జోకులు మామూలుగానే వేశాను, మామూలుగానే నవ్వారు. ఫ్యాను వచ్చింది. ఎడమవైపే బిగించారు. కాస్త కిర్రుమనేది గానీ గాలి బాగానే వచ్చేది.

పదకొండో దినం భోజనానికి పిలిచారు. వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండదు. తండ్రి గుండు చేయించుకుని ఉన్నాడు. నాకు చాప వేసి, ఆయన ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. స్క్రూడ్రైవర్ తాత కూడా వచ్చాడు. మిగతా కార్ఖానాలవాళ్ళు ఒక దినం ఇయ్యాలంటే ఏడుస్తరు, మనోడు మారుమాట లేకుండా పది దినాలిస్తడు అని నలుగురికీ చెప్పాడు. నాయనమ్మ నా విస్తట్లో రెండోసారి కూర తనే వచ్చి వేసింది. తిన్నాను. ఉప్పు కొంచెం తక్కువైంది. మైల ఇళ్ళలో మామూలే.

మర్నాడు ఆ పిల్ల పనికి వచ్చింది. నమస్తే లేదు, అంకె లేదు. సూటిగా నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. రెండు కాగితాలు ముందు పెట్టాను. సెలవు చీటీ, తిరుగు టికెట్టు అనే జోకు నోటిదాకా వచ్చింది గానీ వేయలేదు. అంతవరకు మెరుగే అనుకోవాలి.

ఆమె కూర్చుంది. పదో తరగతి ఇంగ్లీషుతో, ఒక్కో మాట కింద వేలు పెట్టి, మొదటి కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. బల్ల దగ్గర పిల్లలు చేతులు ఆపి చూస్తున్నారు. ఆ కాగితాన్ని ఎవరైనా చదవడం వాళ్ళకదే మొదటిసారి. మధ్యలో ఒక మాట దగ్గర వేలు ఆగింది. దీని అర్థమేంది అని అడిగింది.

"ఇష్టపూర్వకంగా," అన్నాను.

తల ఊపింది. సంతకం చేయకపోతే ఏమవుతుందని అడగలేదు. ఇంటి దగ్గర స్టూలు మీద కూర్చున్న మనిషి ఆమెకు తెలుసు. రెండు చోట్లా మరాఠీలో, గుండ్రటి అక్షరాలతో సంతకం పెట్టింది. పెన్ను మూత పెట్టి నా ముందు ఉంచింది. పైన ఫ్యాను తిరుగుతోంది. కాగితాలు ఎగరకుండా నేను చెయ్యి అడ్డం పెట్టాను.

ఏదో ఒకటి అనాలనిపించింది. చిన్నవాళ్ళతో పనిచేసేటప్పుడు మాట కలపడం ముఖ్యం.

"నా చేతుల ఏముంది చెల్లే," అన్నాను, "సేఠ్ చెప్పిండు, నేను చేసిన."

ఆమె లేచి, స్విచ్చుల డబ్బాలు రెండూ తన వైపు జరుపుకుంది. మొదటి స్విచ్చు చేతిలోకి తీసుకుని, చెవి దాకా ఎత్తి, ఆగింది.

"సేఠ్‌కు తెల్గు సదువరాదన్నా. నీకొస్తది."